తరిగొప్పులలో చేయించిన చుక్కాని గొట్టం

పాత తెరచాప పడవలకు దొరకని సామాను ఎక్కడ చేయించాలని ఈమధ్య కొందరు నన్ను దారి అడుగుతున్నారు. నేను ఆ పని మీద తిరిగింది దొరల మీద తిరగబడ్డ సంఘానికీ పోలీసులకూ మధ్య పల్లెలు నలిగిన రోజుల్లో. మాది గోదావరి ఒడ్డు. మా నాయిన సరంగు, అంటే పడవ నడిపే పెద్ద. ఆ ఏడాది వరదకు చుక్కానిని పడవకు తగిలించే ఇనుప గొట్టం విరిగి, కింది సగం ఏటి పాలయింది. అలాంటి గొట్టాలు చేయడం అప్పటికే మానేశారు. గాలి తిరిగేలోగా చుక్కాని నిలబడకపోతే ఆ ఏడు మాకు గంజే గతి. తుపాకులు చేస్తున్నారన్న మాట వస్తుందని మా దిక్కు కమ్మరులు కొలుములే ఆర్పుకున్నారు. తరిగొప్పులలో ఒక కమ్మరి తండ్రి వెనకట పడవ సామాను చేసేవాడని నాయిన నన్ను అక్కడికి పంపాడు.

భూపాలపల్లిలో తెల్లవారుజామున కలప లారీ పట్టుకుంటే పొద్దు గూకేసరికి మానుకోటలో దింపాడు. అర్ధరూపాయి తీసుకున్నాడు. డ్రైవరు కన్నంతా నా సంచి మీదే.

"సంచిల ఏముందిరా?"

"ఇనుప ముక్క. పడవది."

"గీ అడవిల పడవేందిరా!"

ఇన్ని అడిగినవాడు ఎవరికి చేరవేస్తాడోనని నేనూ దారి పొడుగునా అతన్నే చూస్తూ కూర్చున్నాను. మర్నాడు పొద్దున మానుకోటలో రైలెక్కి మధ్యాహ్నానికి జనగామలో దిగాను. అక్కణ్ణుంచి తరిగొప్పులకు ఎడ్లబండి మీద మూడు నాలుగు గంటలు.

కమ్మరికి నలభై దాటి ఉంటాయి. విరిగిన ముక్కను కంటికి ఆనించి చూశాడు, తర్వాత వీధి వైపు చూశాడు.

"ఎవరు పంపిండ్రు తమ్మీ?"

"సరంగు."

తిత్తుల హోరులో ఆయన మళ్లీ ఏదో అడిగాడు. సరంగే అన్నాను. లేచి వెళ్లి తడిక మూసి వచ్చాడు. మూరెడు పొడుగు, బొటనవేలు దూరేంత సందు, గట్టిగా ఉండాలి, పగలకూడదు అని చెప్పాను.

"పగలదన్నా. జర లోపటనే కూసో."

నాకు రెట్టింపు వయసువాడు తమ్మీ మానేసి అన్నా అనడం మొదలుపెట్టాడు. అదే నాకు మింగుడు పడలేదు. రెండు రోజులు ఇంట్లోనే ఉంచి అన్నం పెట్టాడు, గడప దాటనివ్వలేదు. పోలీసులకు పట్టిస్తాడేమోనని తింటూనే తడిక వైపు చూసేవాణ్ణి. కూలి ఇవ్వబోతే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"గీ పనికి పైసలేందన్నా? ఎవలన్న అడిగితే నా పేరు మాత్రం చెప్పకు."

ఊరికే పని చేసిపెట్టేవాణ్ణి నమ్మడం నాకు చేతకాదు. గొట్టాన్ని గడ్డిలో చుట్టి, ఇంటిదాకా విప్పొద్దన్నాడు. దొంగ ఇనుము అంటగట్టాడనే అనుకున్నాను. జనగామ స్టేషన్లో ఒక పోలీసు ఆ మూటను లాఠీతో పొడిచి, పడవ సామానంటే నవ్వి వదిలేశాడు. నేనూ నవ్వాను.

ఇంటికి చేరాక నాయిన చుక్కాని మేకును గొట్టంలోకి దించాడు. అడుగుదాకా పోయి ఠక్కున ఆగింది. అవతలి కొస మూసి ఉంది. పక్కన సూది దూరేంత చిల్లు. నాయిన దాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు.

"గిది తుపాకి గొట్టం బిడ్డా. ఎవరు పంపిండ్రని చెప్పినవు?"

"సరంగు అని చెప్పిన."

నాయిన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఆయనకు సంఘం అని ఇనవడ్డది."

మూసిన కొసను రంపంతో కోశాం. మేకు సాఫీగా దిగింది. పడవ నడిచింది, మాకు ఆ ఏడు తిండికి లోటు రాలేదు. లాఠీ కింద నవ్వింది తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. దానికన్నా సిగ్గే ఎక్కువ. దొరికితే ప్రాణం పోయే పనిని ఆ మనిషి ముక్కూ మొహం తెలియనివాడికి ఒక్క మాట మీద చేసిపెట్టాడు. నేనేమో ఆయన పెట్టిన అన్నాన్ని కూడా అనుమానించాను. మీరు ఎక్కడ చేయించినా విరిగిన ముక్క ఒక్కటే తీసుకుపోకండి. అందులో దూరే జత మేకు కూడా పట్టుకుపోయి అక్కడే దించి చూపించండి. నేను ఆ పని చేయలేదు, తిరిగి వెళ్లి నిజం చెప్పే ధైర్యమూ చేయలేదు. తన గొట్టం ఏ దొర గడి ముందు పేలుతుందోనని ఆ కమ్మరి ఎన్నాళ్లు చెవులు రిక్కించి విన్నాడో!