అడ్డపొగ

హైదరాబాద్‌లో సిగార్లు అమ్మే దుకాణంలో నా ఉద్యోగం ఒక్కొక్కటీ కాల్చి చూసి, దాని రుచీ వాసనా రాయడం. కాఫీ గింజ, పాత తోలు, తేనె, తడిమట్టి... ఇలా. శ్రీకాకుళం జిల్లాలో గుడి చూడ్డానికి వెళ్లినప్పుడు, ఆ మిడిసిపాటుతోనే శ్రీముఖలింగం బస్టాపులో, కొంగు ముడిలోంచి చుట్ట తీస్తున్న ముసలమ్మని ఆపి, నా సిగార్ ఒకటి చేతిలో పెట్టాను. కాల్చి రుచి చెప్పమన్నాను.

వెలిగించి రెండు దమ్ములు పీల్చింది. తర్వాత దాన్ని తిప్పి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పెదాలు మూసేసింది. అడ్డపొగ గురించి విన్నానే గాని ఎప్పుడూ చూడలేదు. పైగా ఆమె చుట్ట చిటికెనవేలంత, నా సిగార్ బొటనవేలంత.

"అమ్మా, కాలుతుంది, తీసెయ్యండి!"

ఊరుకోమని చెయ్యి ఊపింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, బుగ్గలు లోపలికి పోతున్నాయి.

చివరికి తీసింది. "నాట్లేసినప్పుడు వానకి ఆరిపోకుండా ఇలాగే కాల్సీవోలం బాబూ. అదే అలవాటైపోనాది."

"రుచి ఎలా ఉంది?" అన్నాను, బుద్ధిలేక.

"రుసా? కూరలో ఉప్పుందో నేదో నా కోడలే సెప్తాది. అంగిట్లో పుండైనాది. సూపించుకుందారనే సికాకులం ఆసుపత్రికి ఎల్తన్నాను."

సిగార్ లాక్కోబోయాను. ఇవ్వలేదు. ముక్కు దగ్గర పట్టుకుని నావైపు తిరిగింది.

"బస్సొచ్చీలోగా నువ్వే సెప్పు బాబూ, ఇందులో ఏటేటి రుసులున్నాయో. ఇంటాను."