నయమైన తర్వాతి నడక

మా ఇంట్లో నా జబ్బుకు పేరు లేదు. అమ్మ దాన్ని 'అది' అంటుంది. అది ఉన్నప్పుడు, అది పోయినంక, అంతే. కులదేవుడు బీరప్పకు మొక్కు చెల్లించాక జబ్బు పేరు ఎత్తకూడదని మా గొర్ల కాపరుల ఇళ్లలో ఒక పట్టింపు. పేరు పెట్టి పిలిస్తే పిలిచినవాళ్ల ఇంటికే తిరిగొస్తుందట. తెలంగాణ వచ్చిన ఏడు నేను నాలుగో తరగతి. ఊళ్లో అందరూ రంగులు చల్లుకుంటుంటే నేను హైదరాబాదులో దవాఖాన మంచం మీద బోడి తలతో పడున్నాను. రక్త క్యాన్సర్. ఇక్కడ రాసేశాను గానీ, ఇంట్లో ఈ మాట నోటితో అనే ధైర్యం చాలా ఏళ్లు లేకపోయింది.

కొన్నేళ్లు మందులు, సూదులు, ఎవరెవరివో నెత్తురు సంచులు. ఆ తర్వాత నయమైందన్నారు. నాయిన మందలోంచి మంచి పొట్టేలును తీసి మొక్కు చెల్లించాడు. డాక్టర్లేమో ఏడాదికోసారి వచ్చి చూపించుకోమన్నారు. ఒకసారి పోయాం. మరుసటి ఏడు అమ్మ అడ్డం పడింది.

"మంచిగయిన పిలగాన్ని మల్ల ఆ గడప తొక్కిస్తవా? దేవుడు ఏమనుకుంటడు?"

నాయిన మాట గొర్రెల మీద నడుస్తుంది, అమ్మ మీద నడవదు. దవాఖాన అక్కడితో బంద్.

ఇక నన్ను సాకడం మొదలైంది. ఆదివారం వస్తే చాలు, అమ్మ నల్ల వండేది. కోసిన మేక నెత్తురును గడ్డకట్టించి, ఉప్పూ కారం దట్టించి చేసే వేపుడు అది. నెత్తురు తింటే నెత్తురు పడుతుందని మావాళ్ల నమ్మకం. నెత్తురు జబ్బు చేసిన కొడుక్కి ఏ తల్లయినా ఇంకేం పెడుతుంది! దాని పక్కన తలకాయ కూర, బోటి, అన్నం మీద నెయ్యి. తిన్నాక లేవబోతే "నీడల కూసో బిడ్డా" అనేది. మంద వెనక పోతానంటే ఏడ్చేది. మా అక్క నవ్వేది.

"మొక్కు పొట్టేలును మేపినట్టు మేపుతున్నవ్ గదనే వాన్ని. కొట్టొద్దు, తిట్టొద్దు, తోలొద్దు!"

నేనూ నవ్వేవాణ్ని. కానీ మొక్కు పొట్టేలుకు తిరగడానికి మందైనా ఉంటుంది. నాకు గడప తప్ప ఏమీ లేదు. నాకు దెబ్బ తగిలితే అమ్మ తిడుతుందని ఈడు పిల్లలు పిలవడం మానేశారు. పొద్దున మంద పోయి, పిల్లలు బడికి పోయాక మా ఊరు ఎంత ఖాళీగా ఉంటుందో నన్నడగండి. జ్వరం వచ్చినా రాకపోయినా వారంలో సగం రోజులు నేను ఇంట్లోనే. పెద్దయ్యాక కోస్గిలో నాతో జిరాక్స్ దుకాణం పెట్టించారు. ఎండ తగలదు, నడిచే పని లేదు. గడప మీంచి లేచి కుర్చీలో కూర్చున్నాను, అంతే తేడా.

నిరుడు మా దుకాణం ఎదురుగా ఉన్న కాలేజీలో రక్తదాన శిబిరం పెట్టారు. ఎంతమంది నెత్తురుతోనో బతికినవాణ్ని, కొంత తిరిగిద్దామని ఉత్సాహంగా పోయాను. నర్సమ్మ నా చేతికి బీపీ పట్టీ చుట్టి చూసింది. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూసింది.

"గీ వయసుల గింత బీపీ ఏంది తమ్మీ? ఇంతకుముందు ఏమన్న జబ్బు చేసిందా?"

పక్కన ఎవరూ లేరని చూసుకుని ఆమె చెవిలో చెప్పాను. ఆమె పట్టీ విప్పేసి, నీ నెత్తురు తీసుకోకూడదంది. "మల్ల ఎప్పుడన్న చూపించుకున్నవా?" అని అడిగింది. ఒక్కసారి పోయి మానేశామన్నాను.

జిరాక్స్ మిషన్‌కు సామాను తేవాలని ఇంట్లో అబద్ధం చెప్పి హైదరాబాదులో ఆ పాత దవాఖానకే పోయాను. నా పాత కాగితాలు పిల్లల వార్డులోనే ఉంటాయి కాబట్టి అక్కడే కూర్చోమన్నారు. గోడల నిండా ఏనుగు బొమ్మలు, చిన్న చిన్న కుర్చీలు. మీసాలతో అందులో ఇరుక్కుని కూర్చున్నాను. బోడి తల పాపను ఒళ్లో పెట్టుకున్న ఒక తల్లి నా వైపు చూసి, "మీ పిలగాడు ఏడి అన్నా?" అంది.

"పిలగాన్ని నేనే అక్కా. చిన్నప్పుడు ఇదే జబ్బు."

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. పాపను కూడా నా వైపు తిప్పి చూపించింది. "ఇప్పుడు మంచిగున్నవా?"

"మంచిగున్న."

ఆ వెంటనే నన్ను లోపలికి పిలిచారు. ముంజేతికి పట్టీ బిగించి, చెయ్యి తిమ్మిరెక్కేదాకా ఉంచి, ఒక్కసారిగా వదిలారు. నెత్తురు ఉరికొచ్చినప్పుడు నాళం ఎంత తెరుచుకుంటుందో తెర మీద చూశారు. నాది తెరుచుకోవాల్సినంత తెరుచుకోలేదు.

"జబ్బు తిరిగి రాలేదు, ఆ భయం పెట్టుకోకు" అంది డాక్టరమ్మ. "కానీ నీ రక్తనాళాలు వయసుకు మించి బిరుసెక్కాయి. అప్పుడు నీ ప్రాణం కాపాడిన మందుల వల్ల కొంత. మిగిలింది బరువు, ఉప్పు, కొవ్వు, కూర్చునే ఉండటం. ఇప్పుడే జాగ్రత్తపడితే చాలావరకు మన చేతిలోనే ఉంటుంది. వదిలేస్తే గుండె మీద పడుతుంది. రోజూ మాత్రలు వేసుకోవాలి, నడవాలి. నీతో ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు మేడం."

అది ఉన్నప్పుడు మేనమామలు, చిన్నాయనలు, పాలోళ్లు, బస్సు సగం మావాళ్లే ఉండేవాళ్లు. ఈసారి తిరుగు బస్సులో నా పక్క సీట్లో ఎవరిదో ఉల్లిగడ్డల సంచి ఉంది. జబ్బు మనిషి దగ్గరికి అందరూ వస్తారు. నయమైనవాణ్ని ఎవరు పలకరిస్తారు? పరిగి దాటాక ఏడుపొచ్చింది. ఎవరైనా చూస్తారని కిటికీ వైపు తిరిగాను.

ఆదివారం అమ్మ కంచంలో నల్ల వడ్డించింది. నేను కంచం పక్కకు జరిపాను. ఒంట్లో బాగా లేదా అంది. బాగానే ఉందన్నాను. మరి తినవేం అంది. ఇంక దాచలేక అంతా చెప్పేశాను, జబ్బు పేరుతో సహా. పేరు వినగానే అమ్మ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చెయ్యి తీసి మిగిలింది కూడా చెప్పాను. నాయిన అన్నం కలపడం ఆపి వింటూ కూర్చున్నాడు.

అమ్మ కూర గిన్నె వైపు చూసింది. నీ కూర వల్ల కాదమ్మా, మందుల వల్ల అన్నాను. సగమే నిజమని ఆమెకు తెలుసు.

"పెట్టొద్దంటవ్, కూసోబెట్టొద్దంటవ్. మరి నేను నీకేం జేయాలె బిడ్డా?"

 గిన్నె తీసుకుని ఆమె లోపలికి పోయింది. ఆ తర్వాత చాలా రోజులు మా ఇద్దరి మధ్య అవసరమైన మాటలే నడిచాయి.

నేను నడక మొదలుపెట్టాను. మా వైపు పని లేకుండా ఎవరూ నడవరు. కోస్గి రోడ్డు మీద ఒక్కణ్నే పోతుంటే ఎదురొచ్చిన ప్రతివాడూ బండి ఆపేవాడు. "బస్సు తప్పిపోయిందా?" "బండి ఖరాబయిందా?" "ఇంట్ల లొల్లి అయిందా?" ఏం చెప్పాలి? నా నాళాలు బిరుసెక్కాయనా? నవ్వేసి పోయేవాణ్ని. కొన్నాళ్లకు ఆ ప్రశ్నలకే జంకి మానేశాను. మాత్రలు మాత్రం వేసుకుంటూ, దుకాణం తెరిచే వేళ దాకా మళ్లీ గడప మీదే కూర్చున్నాను.

అట్లా కూర్చున్న ఒక పొద్దున, అమ్మ పాల కోసం ఇంటి దగ్గర కట్టేసుకునే మేకను విప్పి, దాని తాడు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఊకెనే నడిస్తే నలుగురు అడుగుతరు. దీన్ని పట్టుకపో. మేపుతున్న అను."

మేక అప్పటికే ముందుకు గుంజుతోంది. తాడు పట్టుకుని లేచాను. బయట ఎండ బాగానే ఉంది. అమ్మ ఎండ వైపు చూసింది, నా వైపు చూసింది, నీడల కూసో అనలేదు.

"జల్ది నడువు" అని, నేను వాకిలి దాటేలోపే మొహం తిప్పుకుని లోపలికి పోయింది.