అప్పన్న ముట్టుకోని ఇల్లు

మా చిన్నప్పుడు... తుపానుకి మా పక్కింటి అప్పన్న ఇల్లు కూలిపోయింది. మొగుడూ పెళ్ళాలిద్దరూ బడి వరండాలో తల దాచుకున్నారు. నీలమ్మకి నెలలు నిండుతున్నాయి...

పెళ్ళాం కడుపుతో ఉంటే మొగుడు ఇల్లు మొదలుపెట్టకూడదని మా ఉద్దానం పల్లెల్లో గట్టి పట్టింపు. కానుపయ్యేదాకా ఆగాలి. ఆగితే పసిగుడ్డు ఆ వరండాలోనే... వాన పడితే జల్లు గోడ దాకా కొట్టేది.

ఒక సాయంత్రం నాన్న అప్పన్నని పిలిచాడు.

"నీ జాగాలో నానిల్లు కట్టుకుంటాన్రా. ఏటంతావు?"

అప్పన్న తెల్లబోయాడు. "నీకిల్లుంది గదా మావా?"

"ఉంటే ఏటి? ఇంకోటి కడతాను. అయ్యాక నువ్వే కాపురముందువు గాని..."

అప్పటికి గానీ అతనికి అర్థం కాలేదు. తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు.

మర్నాటి నుంచి జీడితోటల్లో పని ముగించుకుని జనం అటే వచ్చేవారు. మగవాళ్ళు మట్టి తొక్కితే ఆడవాళ్ళు ముద్దలు అందించేవారు. ఒక వరస గోడ పెట్టి, అది ఆరాక పై వరస... గాలికి పడిపోయిన కొబ్బరి మానులే దూలాలయ్యాయి. అమ్మ కుండతో అంబలి తెచ్చేది.

అప్పన్న చేతులు మాత్రం ఊరుకునేవి కావు. ఓ రోజు ఉండబట్టలేక మట్టి ముద్ద ఎత్తేశాడు. మా మేనత్త గట్టిగా అరిచింది.

"దించరా ఒరే! ఈ ఇల్లు నీదేటి? మా అన్నది. పరాయోడి మట్టి నీకెందుకు?"

అందరూ నవ్వారు. అతనూ నవ్వి, ముద్ద దించి, చేతులు ఇసకలో రుద్దుకున్నాడు.

"పోనీ నీళ్ళయినా అందిత్తానత్తా..."

"అందియ్యి. మట్టిలో మాత్రం పొయ్యకు. మా నోట్లో పొయ్యి!"

కొబ్బరాకు కప్పు పడ్డాక కొద్దిరోజులకే నీలమ్మ ఆ ఇంట్లో ఆడపిల్లని కన్నది. పురుటి స్నానమయిన రోజున నాన్న అప్పన్నని గుమ్మం పక్కకి తీసుకెళ్ళాడు. అక్కడ గోడలో చిన్న కంత. కావాలనే వదిలేశారు. అతని చేతిలో మట్టి ముద్ద పెట్టి అన్నాడు...

"ఇది నువ్వు పూడ్సుకో. ఇక నీదే."

ఇప్పుడు ఆదివారాలు నేనూ ఇద్దరు స్నేహితులూ వజ్రపుకొత్తూరు వైపు ఒక ఇంటికి ఇటుకలు మోస్తున్నాం. ఆ ఇంటాయనకి కిడ్నీల జబ్బు. డయాలసిస్ సూదులు గుచ్చే చేత్తో బరువు ఎత్తకూడదు. కుర్చీలో కూర్చుని, "నానో ఇటుకందిత్తాను బావా" అంటాడు. వద్దంటాం. తల దించుకుంటాడు. నవ్వించడానికి మా మేనత్త లేదు...

వస్తామన్నవాళ్ళు ఫోన్లో దండం బొమ్మ పెట్టి ఊరుకుంటున్నారు. మాకా నడుములు పట్టేశాయి. గోడ కిటికీ ఎత్తులోనే ఆగిపోయింది. వానలు దగ్గరపడుతున్నాయి.

మొన్న గుమ్మం పక్కన ఒక ఇటుక చోటు ఖాళీగా వదిలాను... ఆయన రెండో చేత్తో పెట్టుకుంటాడని. ఆ రోజు ఎప్పుడొస్తుందో తెలియదు.

ఒకప్పుడు పిలవకుండానే ఊరు వచ్చేది... మీ ఊళ్ళో ఎవరింటికైనా మీవాళ్ళు ఇలా మట్టి తొక్కారా? చెప్పండి, చదువుకుంటాను. ఓపికుంటే ఆదివారం రండి...