మా మేనత్త తూలిన సాయంత్రాలు

నా చిన్నప్పుడు శంషాబాద్‌లో విమానాల ఊసే లేదు. సాయంత్రం కల్లు కాంపౌండు నుంచి తూలుతూ వచ్చేవాళ్లను చూసి నవ్వుకోవడమే మా పిల్లలకు కాలక్షేపం. ఎవరు తూలినా కల్లే కారణమని నా గట్టి నమ్మకం. తొమ్మిదేళ్లకే నాకు తెలియనిది లేదనుకునేదాన్ని.

మా మేనత్త మాతోనే ఉండేది. సాయంత్రాలు చర్చిలో పిల్లలకు పాటలు నేర్పేది. ఆమెకు లోకంలో అంతకన్నా ఇష్టమైన పని లేదు. ఒక ఏడాది పట్నం దవాఖానలో కొన్ని నెలలు ఉండి వచ్చింది. ఎందుకో మాకెవరూ చెప్పలేదు. వచ్చిన దగ్గర్నుంచి పొద్దునపూట బాగానే నడిచేది కాని, చీకటి పడుతుంటే గోడ పట్టుకునేది, అడుగులు పక్కకు పోయేవి. పొద్దున తిన్నగా, సాయంత్రం వంకరగా నడిచే మనిషి గురించి ఊరు ఏమనుకుంటుందో వేరే చెప్పాలా?

ఒకరోజు చర్చి పెద్ద ఒకాయన నన్నాపి, "మీ అత్త తాగుతదా బిడ్డా?" అని అడిగాడు. "తాగుతది. రోజూ చీకటైనంక తూలుతది" అన్నాను. పెద్దమనిషి నన్ను అడిగాడని సంబరపడ్డాను కూడా. రెండు రోజులకు కబురొచ్చింది, ఆదివారం ఆరాధన అయ్యాక అత్తను పాటల క్లాసు నుంచి తీసేసే సంగతి మాట్లాడతారని. ఆ పూట అత్త అన్నం ముట్టలేదు.

నా నిర్వాకం తెలిసి మా తాత కొడతాడనుకున్నాను. కొట్టలేదు. వాకిట్లో నిలబెట్టి, భుజాలు పట్టుకుని గిరగిరా తిప్పి వదిలాడు. "ఇగ ఆ గోడ దాంక నడువు" అన్నాడు. నాలుగు అడుగులకే కూలబడ్డాను.

"ఎన్ని సీసాలు తాగినవ్?" అని నింపాదిగా అడిగాడు.

తాత మేస్త్రి. గోడలు సమంగా లేస్తున్నాయో లేదో చూసుకునే నీళ్ల గొట్టం, ఆ లెవల్ పైపు, తెచ్చి నా ముందు ఊపాడు. "చెవి లోపల గిసోంటివే ఉంటయట, డాక్టర్ చెప్పిండు. నీ చెవుల నీళ్లు జరసేపటికి నిలుస్తయి. మీ అత్తకు టీబీ వచ్చింది. పానం కాపాడిన సూదులే చెవుల లెవల్ చెడగొట్టినయి. ఇప్పుడు కండ్లతోని చూసుకుంట నడుస్తది. చీకట్ల ఏం జేస్తది?"

టీబీ అని తెలిస్తే పిల్లల్ని తన దగ్గర కూర్చోనివ్వరని అత్త భయం. అందుకే తాగుబోతన్నా నోరు విప్పలేదు. నాకు ఏడుపు ఆగలేదు. పోయి ఆమె ఒళ్లో తల పెట్టి జరిగింది చెప్పాను. ఆమె నా తల నిమిరి, "నువ్వు చూసిందే చెప్పినవ్. చెప్పాల్సింది దాచింది నేను" అంది.

ఆదివారం పెద్దలు మొదలుపెట్టకముందే అత్త లేచింది. తనకు టీబీ వచ్చిందని, పూర్తిగా తగ్గిందని, ఇక ఎవరికీ అంటుకోదని చెప్పింది. సూదుల సంగతీ చెప్పింది. నన్ను అడిగిన పెద్దాయనే, "చెవికీ నడకకూ ఏం సంబంధమమ్మా?" అన్నాడు.

నన్నెవరూ పిలవలేదు. నేనే ముందుకెళ్లి గిరగిరా తిరిగి, ఆయన వైపు నడవబోయి చాప మీద పడ్డాను. పడ్డచోటి నుంచే, "నేను తాగలే పెద్దయ్యా. మా అత్త గూడ తాగలే. నేనే తప్పు చెప్పిన" అన్నాను. ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. నన్ను లేపి, "గట్లయితే క్లాసు నాలుగింటికే పెట్టుకుందాం, ఎల్తురు ఉంటది" అన్నాడు.

ఇద్దరు తల్లులు కొన్ని వారాలు పిల్లల్ని పంపలేదు. తర్వాత వాళ్లూ పంపారు. తూలడం తగ్గడానికి దవాఖానలో నేర్పినట్టు అత్త రోజూ గోడ మీది గుర్తును చూస్తూ తల అటూ ఇటూ తిప్పేది. మళ్లీ వానలు పడేసరికి చీకట్లో ఆమెకు గోడ అక్కర్లేకపోయింది, నా చెయ్యి సరిపోయేది. చేసిన తప్పు దిద్దుకునే వీలు అందరికీ అంత తొందరగా దొరకదు, నాకు దొరికింది.

ఇప్పుడు నేనూ నలుగురు పిల్లలకు మేనత్తను. దారిలో ఎవరైనా తూలుతుంటే నా నోరు ఇప్పటికీ దురద పెడుతుంది, అబద్ధమెందుకు. కాని అంతకన్నా ముందే చెయ్యి అందిస్తాను. పట్టుకున్నాక కల్లు వాసన వచ్చినా సరే, ఇంటిదాకా దింపే వస్తాను.