ఏడుకొండలుగారి ఇసకమేట

ఏడుకొండలు వాకిట్లో నిలబడితే గోదావరి అవతలి ఒడ్డున కూతురు సత్యశ్రీ ఆరేసిన చీర రంగు కూడా కనిపిస్తుంది. మనుషుల్నీ బళ్ళనీ నది దాటించే పంటు ఎక్కితే పన్నెండు నిమిషాలు. ఆయన మాత్రం మూడు బస్సులు మారి, వంతెన మీదుగా చుట్టు తిరిగి, నాలుగు గంటల ప్రయాణం చేసి మనవరాలి దగ్గరికి చేరేవాడు. ఆ పంటు ఎక్కనని తొమ్మిదేళ్ళ కిందట ఒట్టు పెట్టుకున్నాడు. దానివల్ల పంటుకి ఏ నష్టమూ రాలేదు, ఆయన నడుముకే వచ్చింది.

అంతకుముందు ఇరవై ఆరేళ్ళు చినలంక రేవులో ఆ పంటు నడిపిన సరంగు ఆయనే. నీళ్ళ రంగు చూసి లోతు చెప్పేవాడు. పులస చేపలు కూడా ఆగి ఆయన్ని దారి అడిగేవని రేవులో చెప్పుకునేవారు. ఆ మాట పుట్టించింది కూడా ఆయనే.

ఒక ఏడు వరద తీశాక ఇసకమేట చోటు మారింది. దారి చూపించే గెడలు పీకి కొత్త చోట పాతించమని రేవు కంట్రాక్టరుకి మూడుసార్లు చెప్పాడు. చూద్దాం అన్నాడు కంట్రాక్టరు. చలికాలం వచ్చింది. పొగమంచులో నీళ్ళ రంగు కనబడక పాత గెడల్నే నమ్మి నడిపితే పంటు మేటెక్కి మూడు గంటలు కదల్లేదు. అందులో ఒక పెద్ద ఆఫీసరు ఉన్నాడు. విచారణలో కంట్రాక్టరు, "సరంగు కునుకు తీశాడండీ" అన్నాడు. ఏడుకొండలు మూడుసార్లు చెప్పడం విన్నవాడు ఒక్కడే ఉన్నాడు: పంటు మీద తాడు పట్టే కుర్రాడు వీరేంద్ర, ఏడుకొండలు దగ్గరే పని నేర్చినవాడు. కానీ కంట్రాక్టరుకి మేనల్లుడు. వాడు నేల చూపులు చూశాడు. ఏడుకొండలు ఇంటికి పోయాడు, వీరేంద్ర చుక్కాని దగ్గరికి పోయాడు.

ఆనాటి నుంచి ఏడుకొండలు నోట ఇంకో కథ లేదు. జ్ఞానమ్మ టీ కొట్టులో రోజూ పొద్దున్నే, "పొగమంచండీ... చెయ్యి చాపితే వేళ్ళు కనబళ్ళేదండీ..." అని మొదలెట్టేవాడు. మూడో హెచ్చరిక దగ్గరికి వచ్చేసరికి టీ చల్లారిపోయేది. వినేవాళ్ళందరూ "ఆయ్" అనేవారు. కోనసీమలో ఎదుటి మనిషి కష్టం చెప్పుకుంటుంటే "ఆయ్" అనకపోవడం, భోజనాల వేళ వచ్చినవాణ్ణి తినమనకుండా పంపినంత తప్పు. ఆ మర్యాద తిని తిని ఇసకమేట ఏటేటా పెరిగింది. గోదావరిలో అసలు మేట రెండు వరదలకే కొట్టుకుపోయింది. ఈయన మేట మాత్రం చెక్కు చెదరలేదు.

మనవరాలు పింకీ నాలుగో పుట్టినరోజున కేకు ముందు నిలబడి కూడా అదే చెప్పాడు. కంట్రాక్టరు గొంతు అనుకరించేసరికి పిల్ల జడుసుకుని గుక్కపట్టి ఏడ్చింది. కిందటి నెల సత్యశ్రీ ఫోన్ చేసింది.

"వచ్చే నెల పింకీకి చెవులు కుట్టిస్తున్నాం నాన్నా. మేనమామ లేడు గనక మీ ఒళ్ళోనే కూర్చోబెట్టాలి. కానీ ఆ ఇసకమేట కూడా మోసుకొస్తానంటే చెప్పండి, మా మావగారి ఒళ్ళో కూర్చోబెడతాను."

ఆయన రెండు పూటలు అన్నం తినలేదు. మూడో పూట భార్య దుర్గమ్మ ఆయన్ని అమలాపురం తీసుకెళ్ళి, మనసు వైద్యం చేసే డాక్టర్ విజయదుర్గ ముందు కూర్చోబెట్టింది.

ఏడుకొండలు పొగమంచు దగ్గర మొదలెట్టి నేల చూపుల దాకా చెప్పాడు. డాక్టరమ్మ చివరిదాకా కదలకుండా విన్నది.

"మేడంగారండీ, తమరు ఒక్కసారి కూడా ఆయ్ అనలేదండీ" అన్నాడు, మనసు కష్టపెట్టుకుని.

"మీకు జరిగింది అన్యాయమేనండి. అందులో అనుమానం లేదు. కానీ తొమ్మిదేళ్ళుగా మీరొక్కరే ఆనాటి పంటుని రోజూ నడుపుతున్నారు. కంట్రాక్టరు ఏనాడో దిగిపోయాడు."

"అయితే ఊరుకోమంటారా?"

"వద్దు, చెప్పండి. కాకపోతే ఈసారి వీరేంద్ర అయి చెప్పండి. ఇంట్లో మీ ఆవిడ వింటారు. నమ్మకం కుదిరితేనే ఆయ్ అనాలి. అమ్మా, మొహమాటానికి అనకండి."

ఇంటికొచ్చాక అరుగు మీద మొదలెట్టాడు. "నేను వీరేంద్రని. నేనొక దొంగ ఎదవని..."

"ఎవడైనా తన గురించి అలా చెప్పుకుంటాడేటి? మళ్ళీ చెప్పు" అంది దుర్గమ్మ, చేపలు తోముతూ.

రెండోసారి ఇంకా ఘోరం. మూడో రోజు పొద్దున్న కాస్త దారిలో పడ్డాడు. "నేను వీరేంద్రని. నాకు నాన్న లేడు. మా అమ్మా నేనూ మావయ్య ఇంట్లోనే తింటాం. విచారణలో నోరు తెరిచేను. మావయ్య చూసేడు. నేల చూపులు చూసేను. బయటికొచ్చాక ఏడుకొండలు బాబాయ్ మర్చిపోయిన క్యారేజీ పట్టుకుని ఆయన వెనకాల గట్టుదాకా పరిగెత్తేను. బాబాయ్ అని పిలిచేను. ఆయన క్యారేజీ లాక్కుని, నా మొహం కూడా చూడకుండా..."

దుర్గమ్మ చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది. "క్యారేజీ సంగతి ఇన్నేళ్ళూ నాకు చెప్పలేదే!"

"నీకేటి, నాకే చెప్పుకోలేదు."

"ఆయ్" అంది దుర్గమ్మ, చాలా నెమ్మదిగా.

చెవులు కుట్టే రోజు ఏడుకొండలు ఇస్త్రీ చొక్కా వేసుకుని దుర్గమ్మతో గుమ్మం దాటాడు. బస్సు వైపు నాలుగడుగులు వేసి, ఆగి, రేవులోకి దిగి పంటెక్కాడు. పంటు కదిలాక చుక్కాని దగ్గర వీరేంద్ర ఆయన్ని చూసి, ఎదురుగా ఉన్న గోదావరిని చూడ్డం మానేశాడు.

"ఎడం పక్కకి కొట్టరా. ముందు నీళ్ళు లేత రంగులో ఉన్నాయి, లోతు లేదు, కనబడట్లేదా?"

"ఆయ్, బాబాయ్." పంటు తిరిగింది. వీరేంద్ర గొంతు సవరించుకున్నాడు. "బాబాయ్, ఆ రోజు నేను..."

"తెలుసురా. నీ కథ నీకంటే నేనే బాగా చెబుతున్నాను, మీ పిన్నిని అడుగు. ముందు నది చూడు."

అవతలి ఒడ్డున పింకీ ఆయన ఒళ్ళో కూర్చుంది. కంసాలి తీగ తీయగానే పిల్ల పెదవి వణికింది. "తాతా, కథ చెప్పు!" సత్యశ్రీ గతుక్కుమంది. మావగారు కుర్చీ కాస్త ముందుకి జరుపుకున్నారు.

"అనగనగా ఒక ఇసకమేట..." అన్నాడు ఏడుకొండలు.

"నాన్నా!"

"ఉండమ్మా. ఆ మేటకి గోదావరిలో ఒక్కచోట కుదురు లేదు. నడిచి నడిచి కాళ్ళు పీకుతుంటే పాపం ఒకచోట పడుకుంది. తెల్లారేసరికి దాని బొజ్జ మీద పెద్ద పంటొచ్చి కూర్చుంది. అందులో ఒక ఆఫీసరు, పదహారు మేకలు, ఒక వెర్రి సరంగు. మేటకి చక్కిలిగిలి! నవ్వాపుకోలేక అటూ ఇటూ ఊగింది. దాంతో ఆఫీసరుగారి టోపీ ఎగిరి మేక నెత్తిన పడింది. మేకేమో ఫైలు మీద సంతకం పెట్టేసింది..."

మేకలు ఆనాడు పంటు మీద లేవు. ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసు, ఎవరూ అడ్డుచెప్పలేదు. రెండు చెవులూ అయిపోయాయి. పింకీ చెవి తడుముకుంది, కళ్ళలో ఉన్న నీళ్ళని మర్చిపోయింది.

కంట్రాక్టరు సంగతి మాత్రం ఇంకా తేలలేదు. ఆ కంట్రాక్టరు అయి చెప్పడం తన వల్ల కాదని ఏడుకొండలు మొండికేస్తే, డాక్టరమ్మ తొందరేం లేదని ఇంకో తేదీ ఇచ్చింది. చెవులు కుట్టిన రోజున మాత్రం పింకీ తాత చొక్కా పట్టుకుని లాగి, తొమ్మిదేళ్ళలో ఆయన్ని ఎవరూ అడగనిది అడిగింది.

"మళ్ళీ చెప్పు తాతా."