సర్ ఫుల్క్ గారి ముక్కు

రాగ్‌థార్ప్ చర్చి తాళంచెవి గరిటెంత ఉంటుంది. ముప్ఫై ఎనిమిదేళ్లుగా అది వినిఫ్రెడ్ టప్లిన్ వంటింటి తలుపు వెనక మేకుకు వేలాడుతోంది. చర్చి చూడాలని వచ్చినవాళ్లు ముందు ఆవిడ తలుపు తట్టాలి. ఆవిడ బూట్లు మార్చుకునేదాకా వానలో నిలబడాలి. ఆ తర్వాత ఆవిడ వెనకాలే సమాధుల మధ్య దారిలో నడవాలి. తాళంచెవి ఒక్కటే చేతిలో పెట్టి పంపడం ఆవిడ వంశంలో లేదు. తాళంచెవితోపాటు విన్నీ వస్తుంది, విన్నీతోపాటు తొమ్మిది వందల ఏళ్ల చరిత్ర వస్తుంది. ఆ చరిత్ర గంటన్నరకి తక్కువ ఎప్పుడూ కాలేదు.

అందులో కొంత నిజమే. వాకిలి మీది గుండ్రటి కమాను, దాని చుట్టూ రంపపు పళ్లలా చెక్కిన అంచు నార్మన్ల కాలంవి. లోపలి స్తంభాల మీది మొనతేలిన కమానులు ఆ తర్వాత నూరేళ్లకి లేచినవి. గంటల గోపురం పడమటికి జానెడు ఒరిగిన మాట కూడా నిజమే. "ఈ బురద నేలలో మనుషులే నిటారుగా నిలబడలేరు, గోపురానికి మాత్రం ఏం పట్టింది?" అనేది విన్నీ. అక్కడితో పుస్తకాల్లో ఉన్నది అయిపోతుంది, మిగిలినదంతా ఊరి సొత్తు. ఉత్తరపు గోడలో కిందగా ఉన్న చిన్న కిటికీలోంచి కుష్ఠురోగులు బయట నిలబడి ప్రార్థన చూసేవారట. వాకిలి రాతి మీది గీతలు విలుకాళ్లు యుద్ధానికి పోతూ బాణాలు నూరుకున్న గుర్తులట. ఇక తల లేని దేవదూత, చెయ్యి లేని పునీతుడు, రంగుల అద్దం పోయిన కిటికీ, ఇవన్నీ పార్లమెంటు సైనికుల పని.

చర్చిలో ఏది విరిగినా ఆ సైనికుల మీదికి తొయ్యడం రాగ్‌థార్ప్‌లో ఆచారం. దాదాపు నాలుగు వందల ఏళ్ల కింద రాజుగారి మీద తిరగబడ్డ ఆ సైన్యం ఈ ఊళ్లో ఆగింది ఒక్క మధ్యాహ్నమేనట. విరగ్గొట్టినవాటి జాబితా చూస్తే వాళ్లకి రొట్టెముక్క తినే తీరిక కూడా దొరికి ఉండదు. మొన్నామధ్య టీ కెటిల్ పిడి ఊడితే కూడా ఎవరో వాళ్ల పేరే చెప్పారు.

సర్ ఫుల్క్ ముక్కు ఆ జాబితాలో మొదటిది. సర్ ఫుల్క్ అంటే సమాధి మీద చెక్కిన పాలరాతి వీరుడు. ఆరు వందల ఏళ్లుగా కవచంతో వెల్లకిలా పడుకుని, చేతులు జోడించి, కుక్కపిల్లలాంటి సింహం మీద కాళ్లు ఆనించి ఉన్నాడు. అన్నీ ఉన్నాయి, ముక్కు లేదు. ప్రతి శుక్రవారం పొద్దున విన్నీ మెత్తటి గుడ్డతో ఆయన మొహం తుడుస్తుంది, గబ్బిలాల రెట్టలు గోటితో గీకుతుంది.

"నా మొహం ఎప్పుడైనా ఇంత ప్రేమగా తుడిచావుటే?" అనేవాడు ఆవిడ మొగుడు ఆర్థర్, నిచ్చెన మోసుకుపోతూ.

"నువ్వూ అంత కదలకుండా పడుకో, తుడుస్తాను" అనేది విన్నీ.

పదకొండేళ్ల కింద ఆర్థర్ ఆ షరతు కూడా తీర్చేశాడు. విన్నీ మాట తప్పలేదు, తుడిచింది.

సర్ ఫుల్క్ మీద ఆవిడకి అంత భక్తి ఎందుకో ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆయన ముక్కు విరగ్గొట్టింది విన్నీయే.

అప్పటికి ఆవిడకి తొమ్మిదేళ్లు. కోతల పండగకి ఊరంతా పండించినదంతా తెచ్చి చర్చి నింపేది. గోధుమ కంకులు కిటికీల్లో, ఆపిల్ పళ్లు బల్లల మీద, ఉల్లిగడ్డలు ఎక్కడ పడితే అక్కడ. విన్నీ తండ్రి ఆ ఏడు సంతలో బహుమతి గెలిచిన కోల గుమ్మడికాయ తెచ్చాడు. దాన్ని అందరికీ కనిపించేలా వీరుడి గుండెల మీద పెట్టాలని పిల్లకి బుద్ధి పుట్టింది. ఎత్తింది, ఎత్తగలిగింది, కానీ దించడం చేతకాలేదు. సరిగ్గా నాలుగు యుద్ధాల్లో బతికి బయటపడ్డ మనిషి గుమ్మడికాయ దెబ్బకి ముక్కు పోగొట్టుకున్నాడు.

నేల మీద పడ్డ ముక్కుకి వెనక సన్నటి ఇత్తడి తీగ ఒకటి వేలాడుతోంది. అది ఆయన నరమేమో అనుకుని పిల్ల హడలిపోయింది. ముక్కు జేబులో వేసుకుని, మొహం మీద కంకుల కట్ట కప్పి, పరుగున ఇల్లు చేరింది. మర్నాడు అప్పటి పాదిరిగారు కంకులు తీసి చూసి "అయ్యో పాపం, సైనికులు!" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు తలలు ఊపారు. అప్పటిదాకా ఆ మొహంలోకి ఒక్కరూ సరిగ్గా చూసి ఉండలేదు. విన్నీ నోరు తెరవలేదు. ఆ ముక్కు అప్పటి నుంచి ఆవిడ బొత్తాల డబ్బాలో ఉంది. ఆ నేరానికి ఆవిడ తనకి తాను వేసుకున్న శిక్షే ఈ శుక్రవారాలు, ఈ తాళంచెవి, ఈ గంటన్నర.

ఇప్పుడా తాళంచెవికే ముప్పు వచ్చింది.

తెచ్చినవాడు సెడ్రిక్ స్క్రిమ్‌షా. కరెంటు కంపెనీలో ముప్ఫై ఏళ్లు చేసి రిటైరయి, చర్చి పెద్దగా ఎన్నికయ్యాడు. వాకిలి పక్కన మాట్లాడే పెట్టె పెట్టాలని ఆయన పట్టు. మీట నొక్కితే చరిత్ర చెబుతుంది, పన్నెండు నిమిషాల్లో అయిపోతుంది, బూట్లు మార్చుకోదు. తలుపుకి అంకెలు నొక్కితే తెరుచుకునే తాళం. ఏడు ఊళ్ల చర్చిలు ఒక్క చేత్తో లాక్కొస్తున్న పాదిరి అగాథా ఎటూ చెప్పలేకపోయింది. చివరికి పట్నం నుంచి లియోనీ ఫార్డెల్ అనే పండితురాలిని పిలిచి, విన్నీ చెప్పేవి ఎంతవరకు నిజమో తేల్చమంది. తప్పులైతే పెట్టె, ఒప్పులైతే విన్నీ.

పండితురాలు వచ్చింది శుక్రవారమే. ఆ పొద్దున విన్నీ తాళంచెవితోపాటు ముక్కు కూడా కోటు జేబులో వేసుకుంది. తను చర్చిలో ఉండగా ఎవరైనా ఇల్లు వెతుకుతారని భయం. రాగ్‌థార్ప్‌లో ఇళ్లు వెతికే ఆచారం లేదు, కానీ భయానికి ఆచారాలతో పనేముంది?

లియోనీ ఫార్డెల్ సన్నగా, చురుగ్గా ఉంది. చేతిలో టార్చి, మెడలో భూతద్దం. కమాను చూసి "అబ్బ, ఎంత బాగుందో!" అంది. విన్నీ ప్రాణం కొంచెం కుదుటపడింది. ఆ తర్వాత ఉత్తరపు కిటికీ దగ్గరికి వచ్చారు.

"కుష్ఠురోగులు కాదు మిసెస్ టప్లిన్. వాళ్లని ఇంత దగ్గరికి రానిచ్చేవాళ్లే కాదు. ప్రార్థన జరిగేటప్పుడు పొలాల్లోవాళ్లకి వినపడేలా ఇక్కణ్ణుంచి చేతిగంట కొట్టేవాళ్లని మా అంచనా."

"మా కుష్ఠురోగుల్ని పట్టుకుపోతున్నావా అమ్మాయ్?" అంది విన్నీ. "తాతల నాటి నుంచీ ఉన్నారు పాపం."

వెంట వచ్చిన సెడ్రిక్ కాగితం మీద తప్పుకి గుర్తుగా ఒక గీత గీశాడు.

"వాకిలి రాతి మీది ఈ గీతలు కూడా బాణాలవి కాదండీ. ఈ రాయి మరీ మెత్తన. దీని మీద నూరితే బాణం ఉన్న పదునూ పోతుంది."

"అందుకే కాబోలు మనవాళ్లు సగం యుద్ధాలు ఓడిపోయారు" అంది విన్నీ. పండితురాలు నవ్వేసింది, కానీ సెడ్రిక్ రెండో గీత గీశాడు.

సర్ ఫుల్క్ దగ్గరికి వచ్చేసరికి గీతలు ఏడయ్యాయి. పాదిరి అగాథా అందరికీ ఫ్లాస్కులోంచి టీ పోసింది. లియోనీ తన సంచిలోంచి పాత పోస్టుకార్డు ఒకటి తీసింది.

"ఇది మొన్న మా భాండాగారంలో దొరికింది. పంతొమ్మిది వందల యాభై ఒకటిలో మీ చర్చి. సర్ ఫుల్క్‌ని చూడండి."

అందరూ వంగి చూశారు. బొమ్మలో సర్ ఫుల్క్ పడుకుని ఉన్నాడు. చక్కటి, నిటారు ముక్కుతో.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు విన్నీ చెయ్యి దానంతటదే కోటు జేబు మీదికి పోయింది. ఎవరూ గమనించలేదు. అందరూ సెడ్రిక్ వైపు చూస్తున్నారు, ఎందుకంటే ఆయన మొహం పండగలా వెలిగిపోతోంది.

"సైనికులూ లేరు, గాడిదగుడ్డూ లేదు!" అన్నాడు. "యాభై ఒకటి తర్వాత ఎవడో మనూరివాడే విరగ్గొట్టాడు. ఎవడో కూడా నేను చెప్పగలను. ఈ చర్చిలో నలభై ఏళ్లు నిచ్చెన మోసింది ఎవరు? ఆర్థర్ టప్లిన్! నిచ్చెన ఎక్కడ ఆనిస్తే అక్కడ ఏదో ఒకటి పగిలేది. విన్నీ, నువ్వు ఏమీ అనుకోకు, పోయినవాణ్ణి తిట్టకూడదు గానీ..."

"పాపం, పొరపాటున తగిలుంటుంది" అంది అగాథా మెత్తగా.

విన్నీ ఊరుకుంటే సరిపోయేది. ఆర్థర్ ఏమీ అనుకునేవాడు కాదు. బతికుండగా ఊళ్లో పగిలిన ప్రతి గాజుపలకా తన ఖాతాలోనే వేసుకున్నాడు, నవ్వుతూనే. ఆవిడ ఊరుకుందామనే అనుకుంది. కప్పు కింద పెట్టింది, పక్కనున్న సర్ ఫుల్క్ మొహంలోకి చూసింది. ఆర్థర్ మొహం తుడిచిన రోజు గుర్తొచ్చింది.

"నా మొగుడు చెయ్యని పనులు చాలా ఉన్నాయి సెడ్రిక్" అంది. "చెయ్యమని నేను చెవినిల్లు కట్టుకుని పోరినా చెయ్యలేదు. అందులో ఇదొకటి."

జేబులోంచి ముక్కు తీసి వీరుడి గుండెల మీద పెట్టింది. దాని పక్కన తాళంచెవి పెట్టింది.

"నేను చేశాను. తొమ్మిదేళ్లప్పుడు. మా నాన్న గుమ్మడికాయతో."



"గుమ్మడికాయతోనా?" అన్నాడు సెడ్రిక్.

"బహుమతి వచ్చిన గుమ్మడికాయ" అంది విన్నీ, కాస్త రోషంగానే. తర్వాత అంతా చెప్పేసింది, కంకుల కట్ట దగ్గర్నుంచి బొత్తాల డబ్బా దాకా. "ఊళ్లోకి వచ్చినవాళ్లందరికీ అబద్ధం చెప్పాను. ఇక నీ పెట్టె పెట్టుకో నాయనా. అదైనా అబద్ధం చెప్పదు."

సెడ్రిక్ తాళంచెవి అందుకున్నాడు. ఆరు నెలలుగా కోరుకున్నదే, కానీ అది చేతిలోకి వచ్చాక దాన్ని ఎలా పట్టుకోవాలో ఆయనకి తోచలేదు.

లియోనీ ముక్కు తీసుకుంది. భూతద్దం పెట్టి చూసింది. తీగ చూసింది. గోటితో చిన్నగా గీకింది. వంగి సర్ ఫుల్క్ మొహం మీది మచ్చలోకి టార్చి వేసింది.

"మిసెస్ టప్లిన్, ఇది పాలరాయి కాదు."

"మరి?"

"ప్లాస్టర్. లోపల మిషన్ మీద తీసిన ఇత్తడి తీగ. విక్టోరియా రాణి కాలంలో చర్చి బాగుచేయించిన పాదిరి ఎవరో అతికించి ఉంటాడు. చూడండి, ఇది ఊడిన చోట రాతి మీద పాత దెబ్బ ఉంది. అంచులు అరిగిపోయాయి, ఎన్నో వందల ఏళ్ల కిందటిది. ఉలి దెబ్బలా ఉంది. ఎవరో కావాలనే కొట్టారు."

"ఎవరు?" అంది అగాథా.

"సైనికులే అని నేను రాయలేను" అంది లియోనీ. తర్వాత విన్నీని చూసి చిరునవ్వు నవ్వింది. "కాదని కూడా రాయలేను."

విన్నీ పక్కనున్న బెంచీ మీద కూలబడింది. అరవై అయిదేళ్లు. మూడు వేల పైచిలుకు శుక్రవారాలు. పెళ్లి రోజు మర్నాడు శుక్రవారమైతే ఆ రోజూ వచ్చింది. వేలు విరిగితే ఎడం చేత్తో తుడిచింది. ఆవిడకి ఏడుపు రావాలి, కానీ ముందు కోపం వచ్చింది.

"ప్లాస్టర్ ముక్కుకా?" అని సర్ ఫుల్క్ మీద విరుచుకుపడింది. "ఇన్నేళ్లు నా చేత ఊడిగం చేయించుకున్నావు. నాది కాదు ముక్కు, ఎవడో అతికించాడు అని ఒక్క మాట చెప్పడానికి నీకేం రోగం?"

అగాథాకి నవ్వు ఆగక టీ పొలమారింది. విన్నీకి కూడా నవ్వు వచ్చింది. ఆ నవ్వులోనే కళ్లు తడిశాయి, మెత్తటి గుడ్డతోనే తుడుచుకుంది.

"పోనీ, ఇప్పుడు మళ్లీ అతికించేద్దామా?" అన్నాడు సెడ్రిక్.

"అమ్మో, పైవాళ్ల అనుమతి కావాలి" అంది అగాథా. "దరఖాస్తు, రెండు మీటింగులు, తక్కువలో తక్కువ పద్దెనిమిది నెలలు."

"విరగ్గొట్టడానికి ఏ అనుమతీ అక్కర్లేకపోయింది" అంది విన్నీ.

అంతలో వాకిట్లో బూట్ల చప్పుడయింది. వాన కోట్లు, వీపున సంచులు వేసుకున్న ముసలి దంపతులు లోపలికి వచ్చారు. తలుపు తెరిచి ఉంటే చూసిపోదామని ఆగారట. కమాను కింద నిలబడి పైకి చూశారు. తర్వాత నేరుగా సర్ ఫుల్క్ దగ్గరికి వచ్చారు.

"అయ్యో!" అంది ముసలావిడ. "ఈయన ముక్కేమైందండీ?"

తాళంచెవి ఉన్నది సెడ్రిక్ చేతిలో. ఆయన ఛాతీ విరిచి నిలబడి, గొంతు సవరించుకున్నాడు.

"పార్లమెంటు సైని..." అన్నాడు. అని ఆగిపోయాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వింటున్న మాట, నోరు దానంతటదే అనేసింది. చెవులదాకా ఎర్రబడ్డాడు. విన్నీ వైపు చూశాడు. గరిటెంత తాళంచెవి తెచ్చి, ఇందాకటిదాకా ముక్కు ఉన్న ఆవిడ కోటు జేబులోనే వేశాడు.

"నువ్వే చెప్పు విన్నీ" అన్నాడు. "ఇది పన్నెండు నిమిషాల్లో అయ్యేది కాదు."

విన్నీ లేచింది. కోటు సర్దుకుంది. లియోనీ చేతిలోని ముక్కు తీసుకుని ముసలావిడ అరచేతిలో పెట్టింది.

"మొదటిసారి సైనికులేమో, ఎవరికీ తెలీదు" అంది. "రెండోసారి నేను. ఇక్కడ కూర్చో తల్లీ. గుమ్మడికాయతో మొదలుపెడతాను."