జడ్జిగారి నోటికి రాని అబద్ధం

ఆయన సినిమాల్లోకి వచ్చింది నటించడానికి కాదు, కుర్చీలు దింపడానికి.

ఫర్నిచర్ అద్దెకిచ్చే కొట్లో ఉద్యోగం. ఒక పాత గోడౌన్‌లో కోర్టు సెట్టు వేస్తున్నారంటే బల్లలు, కుర్చీలు వ్యాన్‌లో వేసుకొచ్చాడు. జడ్జి వేషం వేయాల్సిన ముసలాయన ఆ పొద్దున జ్వరమని రాలేదు. ఈయనకి అప్పటికి ముప్పై నాలుగేళ్లే అయినా చెవుల పక్కన జుట్టు ముందే నెరిసింది. మోసిమోసి అలిసిపోయి, ఊపిరి పీల్చుకుందామని తాను తెచ్చిన పెద్ద కుర్చీలోనే కూలబడ్డాడు. దర్శకుడి కన్ను పడింది. "లేవకు, అలాగే ఉండు" అన్నాడు. నల్లకోటు తొడిగారు. ఆ కూర్చోవడం కూర్చోవడం ఇరవై రెండేళ్లు కూర్చున్నాడు.

నేను ఆ సినిమాలో ప్రాంప్టర్‌ని. నటులు డైలాగు మర్చిపోతే పక్కనుంచి అందించేవాణ్ని. పదకొండు రోజుల్లో తీసేసి, పన్నెండో రోజున కోర్టు సెట్టునే అటు తిప్పి మంత్రిగారి గది చేసే బాపతు సినిమాలు మావి. జడ్జికీ లాయరుకీ కలిపి ఒకటే కోటు. అందుకే మా సినిమాల్లో వాళ్లిద్దరూ ఒకే షాట్‌లో కనిపించరు. ఇందులో లోతైన అర్థం ఉందని ఒక విమర్శకుడు అరపేజీ రాశాడు. అర్థమూ లేదు, రెండో కోటూ లేదు.

కూర్చోవడం తప్ప ఆయనకి ఇంకేమీ రాదని మొదటిరోజే తేలిపోయింది. నాలుగు మాటలు దాటితే ఏదీ నోటికి రాదు. "సాక్ష్యాధారాలను పరిశీలించిన మీదట" దాకా గంభీరంగా వచ్చి, ఆ మీదట ఏమైందో మర్చిపోయేవాడు. చివరికి నన్ను బల్ల కింద కూర్చోబెట్టారు. నేను గుసగుసగా అందించేది, ఆయన గుహలోంచి వచ్చినట్టుండే గొంతుతో పైన పలికేది. అర్థం చేసుకుని పలికేవాడని మాత్రం అనలేను. ఒకసారి ఆయన బూటు నా చేతి మీద పడితే, "ముద్దాయికి యావజ్జీవ శిక్ష విధిస్తూ, కొంచెం కాలు తీయండి, ఈ కోర్టు తీర్పు చెప్పడమైనది" అని నిండు సభలో ప్రకటించాడు. ఫిలిం వృథా చేయడం ఇష్టంలేక నిర్మాత దాన్ని అలాగే ఉంచేశాడు. హాల్లో జనం ఈలలేశారట.

అలా అరవై ఒక్క సినిమాల్లో జడ్జి అయ్యాడు. వీధిలో అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, జడ్జిగారే. ఈయన కూడా పాల పాకెట్ కోసం వెళ్లినా తీర్పుకి వెళ్తున్నట్టే నడిచేవాడు. పక్కింటివాళ్లు మురుగునీళ్ల గొట్టం గురించి కొట్టుకుంటుంటే వెళ్లి మధ్యలో నిలబడ్డాడు. ఇద్దరి మాటా విన్నాడు. తర్వాత ఏమనాలో తోచక, చుట్టూ చూసి, "వాయిదా వేస్తున్నాను" అని వచ్చేశాడు.

ఆయన భార్యని నేను వదిన అనేవాణ్ని. ఆవిడ ఇంటి ముందు గదిలో బట్టలు కుట్టేది. ఇల్లు ఆ మిషన్ మీదే నడిచేది. "ఊరందరికీ తీర్పులు చెప్తారు మరిదీ, ఇంట్లో పంపు కారుతోందంటే మాత్రం ఆర్నెల్లుగా వాయిదాలే" అనేది నాతో, ఆయనకి వినపడేలా.

ఆయనకి ఒకటే కోరిక. ఇన్ని సినిమాల్లోనూ ఛాతీ నుంచి పైకే కనిపించాడు. పైన కోటు, కింద ఇంట్లో వేసుకునే పైజమా. నడుము కింద ఈయనకి ఒళ్లుందన్న సంగతి ప్రేక్షకుల్లో ఒక్కరికీ తెలీదు. "తమ్ముడూ, ఒక్కసారి లేచి నిలబడే వేషం దొరికితే చాలురా" అనేవాడు.

అరవై రెండో సినిమాలో ఆ ప్రమాదం జరిగింది.

లైట్లు కట్టడానికి సెట్టు పైన కర్రలతో పరంజా వేశారు. సరిగ్గా జడ్జి కుర్చీ మీదికి వస్తుంది. లైట్‌మన్ బక్కపల్చటి మనిషి, పదిహేనేళ్లుగా మాతోనే ఉన్నాడు. ఆ పొద్దున పైకి చూసి, "సార్, అడ్డకర్ర చీలింది. మార్చి ఎక్కుతా, గంట పడుతుంది" అన్నాడు. నిర్మాత గడియారం చూసుకున్నాడు. "ఏం కాదు, ఎక్కు. ఈ ఒక్క షాటూ కానియ్. విరిగితే నేను చూసుకుంటాలే" అన్నాడు.

లైట్‌మన్ ఎక్కాడు. పైన కర్ర కిర్రుమంది. జడ్జిగారు తలెత్తి చూశాడు. ఏమీ మాట్లాడలేదు. కుర్చీని రెండడుగులు పక్కకి జరుపుకున్నాడు. ఆయనతోపాటు బల్ల కింద నేనూ జరిగాను.

కర్ర విరిగింది. అంతకుముందు కుర్చీ ఉన్నచోటే మనిషి పడ్డాడు. కుడికాలు రెండుచోట్ల విరిగింది.

చూసుకుంటానన్న నిర్మాత ఆసుపత్రి గుమ్మం దాకా కూడా రాలేదు. భోజనాల వేళ ఎవరికీ చెప్పకుండా లైట్‌మనే తనంతట తాను ఎక్కాడని కాగితాల్లో రాయించాడు. లైట్‌మన్ కోర్టుకెళ్లాడు. దగ్గరగా ఉన్నవాళ్లెవరని అతని లాయరు అడిగితే జడ్జిగారి పేరు వచ్చింది. నా పేరూ వచ్చింది. బల్ల కింద ఉన్నవాడికి ఏం కనిపిస్తుందండీ అన్నాను. లాయరు నమ్మాడు.

నిర్మాత మా ఇద్దర్నీ పిలిపించాడు. మంచినీళ్లు కూడా పోయించని మనిషి కాఫీలు తెప్పించాడు. "జడ్జిగారూ, మన తర్వాతి సినిమాలో హీరో తండ్రి వేషం మీదే. నాలుగు సీన్లు. నిలబడతారు, నడుస్తారు, మేడ మెట్లు దిగుతారు. చివర్లో మంచం మీద పోతారు."

"మెట్లు కూడానా?" అన్నాడు జడ్జిగారు. కళ్లు చెమర్చాయి.

ఆయన చెప్పాల్సింది ఒక్క ముక్క, 'నేను చూడలేదు' అని. అంతటితో ఊరుకుంటే సరిపోయేది. కానీ నిర్మాత సినిమావాడు కదా, ఉత్తి మాటకి తృప్తి ఎక్కడిది? రచయితని కూర్చోబెట్టి అరపేజీ సాక్ష్యం రాయించాడు. "ఆ మధ్యాహ్న సమయమున భోజనశాలలో ఉన్న నాకు ఆర్తనాదమొకటి వినిపించగా" అని మొదలు. దాన్ని నోటికి పట్టించే పని నాది. మూడు రోజులు వాళ్లింట్లో కూర్చుని వల్లె వేయించాను. వదిన మిషన్ తొక్కుతూ అంతా విన్నది. నాకు ఆ మూడు రోజులూ టీ ఇవ్వలేదు.

నిజం కోర్టు మా సెట్టులో పావువంతు లేదు. జడ్జి చిన్నపాటి ఆవిడ. జలుబుతో ముక్కు తుడుచుకుంటూ ఫైళ్ల మధ్య కనిపించీ కనిపించకుండా ఉంది. మా జడ్జిగారు బోను ఎక్కి, జీవితంలో మొదటిసారి జనం ముందు నిలువెత్తునా నిలబడ్డాడు.

"చెప్పండి" అంది ఆవిడ తలెత్తకుండా.

"ఆ మధ్యాహ్న సమయమున..." అన్నాడు. ఆగాడు. మళ్లీ "ఆ మధ్యాహ్న సమయమున" అన్నాడు. తర్వాత వంగి బోను కిందికి చూశాడు. అక్కడ నేను లేను. నాలుగో వరసలో చెమటలు పట్టి కూర్చున్నాను.

"ఏం వెతుకుతున్నారు?" అంది ఆవిడ.

"ఏం లేదండి. మాట..."

లైట్‌మన్ లాయరు నెమ్మదస్తుడు. "కంగారు పడకండి సార్. కర్ర చీలిందని ఆయన చెప్పాడా?" అని మామూలుగా అడిగాడు.

"చెప్పాడండి."

"మరి ఎక్కమని ఎవరన్నారు?"

"నిర్మాతగారండి. 'ఏం కాదు, ఎక్కు. విరిగితే నేను చూసుకుంటాలే' అన్నారు."

నిర్మాత లాయరు లేచాడు. ఆవిడ చేత్తోనే కూర్చోమంది. ఇప్పుడు తలెత్తి చూస్తోంది. "మీరప్పుడు ఎక్కడున్నారు?"

"కిందేనండి. పైన చప్పుడైంది. నేను..." మళ్లీ బోను కిందికి చూశాడు. "నేను కుర్చీ జరుపుకున్నానండి."

"అతనికి చెప్పలేదా?"

"లేదండి."

ఆవిడ ఒక నిమిషం పాటు రాసుకుంది. ఆ నిమిషం పాటు ఆయనకి కూర్చోవడానికి కుర్చీ లేదు.

లైట్‌మన్ గెలిచాడు. వచ్చిన పరిహారంతో ఇంటి దగ్గరే ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. హీరో తండ్రి వేషం నిర్మాత బావమరిదికి వెళ్లింది. రెండేళ్లు ఏ కంపెనీవాళ్లూ జడ్జిగారి మొహం చూడలేదు. ఫర్నిచర్ కొట్టుకే తిరిగి వెళ్లాడు.

వీధివాళ్లకి మాత్రం సగం కథే తెలిసింది. వేషం పోయినా సరే నిజం చెప్పాడని శాలువా కప్పి, మైకు ఇచ్చారు. ఆయన అంతరాత్మ గురించి మాట్లాడాడు, నాలుగేసి మాటలు చొప్పున.

ఒక ఆదివారం లైట్‌మన్ కర్ర ఊతంతో ఇంటికొచ్చాడు. జడ్జిగారు శాలువా సర్దుకుని, "నాదేముందయ్యా, నా ధర్మం నేను..." అని మొదలుపెట్టాడు.

"కుర్చీ జరుపుకోవడం పైనుంచి చూశాను సార్" అన్నాడు లైట్‌మన్, మామూలుగానే. "అప్పుడే దిగుదామనుకున్నా. ఇంతలో విరిగింది."

లైట్‌మన్ గోడ మీదున్న ఫ్యాను వంక చూసి, "ఇది చప్పుడు చేస్తోందేంటక్కా?" అని వదిననడిగి, దాన్ని దించి, గంటసేపు కూర్చుని బాగుచేసి వెళ్లాడు. డబ్బులివ్వబోతే పుచ్చుకోలేదు. ఆ వారమంతా జడ్జిగారు ఆ ఫ్యాను గాలికి పడుకోలేదు. ఉక్కపోతలో వరండాలో పడుకున్నాడు.

కానీ మనిషి ఎన్నాళ్లని ఉక్కపోతలో పడుకుంటాడు? నిర్మాతలు మారారు, మళ్లీ పిలుపులొచ్చాయి, మళ్లీ జడ్జే. మొన్న చిన్న చానెల్ నుంచి ఒక అమ్మాయి ఇంటర్వ్యూకి వచ్చింది. నేను పక్కనే ఉన్నాను. "కోర్టులో ఆ రోజు భయం వేయలేదా సార్?" అనడిగింది.

"నిజం చెప్పేవాడికి భయమేంటమ్మా!" అన్నాడు. ఆ చిన్నపాటి జడ్జి లేచి నిలబడి తనకి నమస్కారం పెట్టిందని కూడా చెప్పాడు. వదిన మిషన్ ఆపి ఆయన్నొకసారి చూసి, మళ్లీ తొక్కింది.

అమ్మాయి నా వైపు తిరిగింది. "సార్, ప్రమాదం జరిగినప్పుడు మీరూ అక్కడే ఉన్నారా?"

లేనన్నాను.